తోకచుక్కకు నేను పట్టించిన గ్రహణం

ఇన్నేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. ఒక ఆడమనిషి తన కడుపులోని బిడ్డ తన చేతుల వల్లే పోయిందని నమ్ముకుని బతుకుతోంది. అది నిజం కాదని నాకు తెలుసు. ఆమె నన్ను అడిగింది కూడా. అడిగినప్పుడు నేను రెండక్షరాల మాట ఒకటి అన్నాను. ఆ మాట అబద్ధం కాదు, అలాగని నిజమూ కాదు. అందుకే దాన్ని ఇన్నాళ్లూ తప్పుల్లో లెక్క వేయకుండా నెట్టుకొచ్చాను.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్లకు చెప్పబోతే వాళ్లు నా ముఖం చూస్తారు, నేను మధ్యలో మాట మార్చేస్తాను. నా సంగతి నాకు తెలుసు.

నాకు నారాయణఖేడ్‌లో ఫోటో స్టూడియో ఉంది. లోపలికి అడుగు పెట్టగానే ఎదురుగోడ మీద పెద్ద ఫ్రేము కనబడుతుంది. అందులో తోకచుక్క. కింద కంది చేను నల్లగా, పైన ఇంకా ఆరిపోని సాయంకాలపు ఎరుపు, ఆ ఎరుపు మీద తెల్లటి తోక. పాస్‌పోర్టు ఫోటో దిగడానికి వచ్చినవాళ్లు దాని ముందు ఆగుతారు. ఇది మన దగ్గర తీసిందేనా అని అడుగుతారు. మన దగ్గరే, నేనే తీశాను అంటాను. అదీ అబద్ధం కాదు. చూశారా, నేను అబద్ధాలు ఆడను. నా పద్ధతి వేరు.

ఇందులో నా తోడల్లుడు ఉన్నాడు. మా దిక్కు సడ్డకుడు అంటాం. పేరు మార్చి మల్లేశ్ అని రాస్తున్నాను. అతని భార్యను, అంటే నా భార్యకు చెల్లెల్ని, సుజాత అంటాను. మా అత్తగారి ఊరు కల్హేర్ దగ్గర. ఆ ఇంటికి నేను పెద్దల్లుణ్ణి. పెళ్లయిన కొత్తలోనే ఆ ఊళ్లో నాకు ఫోటోల అల్లుడు అని పేరు పడిపోయింది. ఎవరింట్లో పుట్టువెంట్రుకలు తీసినా, పెళ్లయినా, ఎవరైనా పోతే దండ వేయడానికి ఫోటో కావాలన్నా నేనే వెళ్లాలి. మామ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. మా ఫోటోల అల్లుడు. ఆ పిలుపు వినడానికే పని లేకపోయినా ఆ ఊరికి వెళ్లిన రోజులున్నాయి. నాకు అంతకు మించి ఎవరూ ఏ పేరూ పెట్టలేదు. ఆ పేరు నాకు ఎంత అవసరమో నాకే తెలియదు అప్పుడు.

మల్లేశ్‌కు ఆ ఊళ్లోనే ఎరువుల దుకాణం. నోరు పెద్దది, నవ్వు అంతకన్నా పెద్దది. కోపం తెచ్చుకుందామన్నా తెచ్చుకోలేని మనిషి. పెళ్లిళ్లకు పనికిరాదని నేను పక్కన పడేసిన పాత కెమెరాను అడిగి పట్టుకెళ్లాడు. నేనే నేర్పాను. వెలుతురు ఎంతసేపు లోపలికి రానివ్వాలి, ఫోకస్ ఎలా కుదరాలి, అన్నీ. శిష్యుడు దొరికాడని మురిసిపోయాను. అతను మనుషుల జోలికి రాలేదు, ఆకాశం జోలికి పోయాడు. మొదట చంద్రుడు, తర్వాత చుక్కలు.

ఫోన్‌లో వీడియోలు చూసి ఒక సామాను తయారు చేశాడు. రెండు చెక్కలు. ఒకవైపు వాటిని తలుపు కబ్జాతో, అంటే మడతబందుతో కలిపాడు. రెండోవైపు పొడుగాటి బోల్టు, దానికి నట్టు. కెమెరా పై చెక్క మీద కూర్చుంటుంది. నట్టు మెల్లగా తిప్పుతూ ఉంటే పై చెక్క కొంచెం కొంచెం లేస్తుంది, కెమెరా చుక్కల వెంటే నడుస్తుంది. లేకపోతే చుక్క చుక్కలా రాదు, గీతలా సాగిపోతుంది. దాన్ని చూసి నేను ఎవరింటి తలుపు ఊడబీకినవ్ మల్లేశ్ అన్నాను. అందరూ నవ్వారు, అతను అందరికంటే గట్టిగా నవ్వాడు. ఆ నవ్వులో నేను గెలిచానని అనుకున్నాను.

ఆ ఏడు దసరా పోయాక తోకచుక్క కనబడింది. పొద్దు గూకిన కాసేపటికి పడమట, చేల మీదుగా. ఊళ్లో ముసలివాళ్లు అరిష్టం అన్నారు, కరువు అన్నారు. నేను ఊరుకుంటానా? అది దుమ్ము పట్టిన మంచుగడ్డ, ఎండ వేడికి ఆవిరి లేస్తే మనకు తోకలా కనబడుతుంది, దానికీ మనకూ ఏ సంబంధం లేదు అని అత్తగారి అరుగు మీద కూర్చుని ఊరందరికీ పాఠం చెప్పాను. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. తెలియక చేశాడులే పాపం అని తర్వాత మీకు అనిపించవచ్చు. ఆ అవకాశం మీకు ఇవ్వదలచుకోలేదు.

మొదటి సాయంత్రం ఊరి వెనక గుట్ట మీదికి ముగ్గురం వెళ్లాం. నేను, మల్లేశ్, సుజాత. నా దగ్గర కొత్త కెమెరా, పొడుగు లెన్సు. అతని దగ్గర నా పాత కెమెరా, రెండు చెక్కలు. సుజాతకు అప్పుడు మూడో నెల. పెళ్లయి చాలాకాలం ఎదురుచూశాక నిలిచిన కడుపు. ఎర్ర రాయి మీద కాళ్లు చాపుకుని కూర్చుని, లోపల్లోపల లెక్క పెట్టుకుంటూ నట్టు తిప్పింది. మల్లేశ్ ఏదో అనబోతే సప్పుడు చేయకు లెక్క తప్పుతది అని కసిరింది. ఇద్దరూ నవ్వుకున్నారు. నా భార్య ఏనాడూ నా కెమెరా పక్కన కూర్చోలేదు. ఆ నవ్వు మీద కూడా నాకు కుళ్లే పుట్టింది.

నేను తీసినవన్నీ మసకగా వచ్చాయి. వెలుతురు పెంచితే బొమ్మ నిండా ఇసుక చల్లినట్టు. మల్లేశ్ మాత్రం తీసినవాటన్నిటినీ దుకాణంలోని కంప్యూటర్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చాడు. మర్నాడు పొద్దున నా ఫోన్‌కు పంపాడు. నేను పళ్లు తోముకుంటున్నాను. నోట్లో నురగతోనే అలా నిలబడిపోయాను. తెల్లటి తోక, దాని పక్కన సన్నగా ఇంకో నీలి తోక. నా కంటికి కూడా కనబడని తోక.

ఏం చేశానో చెప్పనా? రెండు వేళ్లతో ఆ బొమ్మను పెద్దది చేసి, చేసి, తప్పు వెతికాను. మూలమూలా వెతికాను. ఒక మూల చిన్న నల్ల మచ్చ దొరికింది. ఎంత సంతోషం! తర్వాత గుర్తొచ్చింది, ఆ మచ్చ ఆ పాత కెమెరాలోనే ఉంది. నేను సరిగా తుడవక పడ్డ మచ్చ. ఆ మొత్తం బొమ్మలో ఉన్న ఒక్క లోపం నాది. బొమ్మ కింద మల్లేశ్ రాశాడు: "అన్న, నీ కెమెరానే."

అతను గర్వపడి ఉంటే బాగుండేది. నన్ను ఎగతాళి చేసి ఉంటే ఇంకా బాగుండేది. ద్వేషించడానికి నాకొక దారి దొరికేది. అతను కనబడ్డవాడికల్లా కెమెరా అన్నది, నేర్పింది అన్న అని చెప్పుకుంటూ తిరిగాడు. ఆ పొగడ్తను దానం వేసినట్టు వేస్తున్నాడా నాకు? లేదు, అతనికి అంత లోతు లేదు. మనసులో ఉన్నదే అంటున్నాడు. అదే భరించలేకపోయాను.

ఆ ఆదివారం బోరంచ పోచమ్మ గుడి దగ్గర మొక్కు. బోరులో నీళ్లు పడితే మేకను ఇస్తానని మామ మొక్కుకున్నాడు, పడ్డాయి. చుట్టాలంతా వచ్చారు. మామ ఫోన్ చేతులు మారుతూ తిరిగింది. అందులో ఆ తోకచుక్క. కంగ్టి నుంచి వచ్చిన పెద్దమనిషికి మామ మల్లేశ్‌ను చూపించి, మా చుక్కల అల్లుడు అన్నాడు. నా వైపు తిరిగి, ఈయన మా పెద్దల్లుడు అన్నాడు. అంతే. పెద్దల్లుడు. ముందు ఏ మాటా లేదు.

తిండికి కూర్చున్నాం. మీకు ఇది మరీ చిన్నతనంగా ఉంటుంది, అయినా చెబుతాను. మేకను కోసినప్పుడల్లా కార్జం ముక్కలు మా అత్తమ్మ ముందు నా విస్తట్లో వేసేది. పెళ్లయినప్పటి నుంచి అదే వరస. ఆ రోజు గిన్నె పట్టుకుని వచ్చి, నా ముందు నుంచి నడిచి, మల్లేశ్ ముందు వంగింది. తర్వాత నాకూ వేసింది. ముక్కలు తక్కువ వేయలేదు. కానీ తర్వాత వేసింది. మల్లేశ్ తన విస్తట్లోవి తీసి నా విస్తట్లో పెట్టబోయాడు. వద్దు అన్నాను. ఒక మనిషి జీవితం ఇంత చిన్న దాని దగ్గర దారి తప్పుతుందా? తప్పుతుంది. నాది తప్పింది.

చేతులు కడుక్కోవడానికి లేచాను. అత్తమ్మ చెంబుతో నీళ్లు పోస్తోంది. ఆ సాయంత్రమే మళ్లీ గుట్ట మీదికి వెళ్లాలని మల్లేశ్, సుజాత అనుకుంటున్నారు. మబ్బు లేదు. తోకచుక్క రోజురోజుకీ మసకబారుతోంది, ఆ తర్వాత ఎంత తీసినా రాదు. నేను చేతులు కడుక్కుంటూ, అత్తమ్మ ముఖం చూడకుండా అడిగాను.

"గ్రహణానికి పాటించినట్టే గీ తోకచుక్కకు గూడ పాటిస్తరా అత్తమ్మ? సుజాత మొన్న గుట్ట మీదికి వచ్చింది గద, అందుకే అడుగుతున్న."

అడిగాను, అంతే. చెప్పలేదు. చూడొద్దని అనలేదు. అరిష్టమని అనలేదు. చెంబులోంచి పడుతున్న నీళ్లు ఆగిపోయాయి. గ్రహణం రోజు కడుపుతో ఉన్నవాళ్లను కదలకుండా లోపల పడుకోబెట్టే ఇల్లు అది. తోకచుక్కకు అలాంటి పద్ధతి ఉందని అత్తమ్మ ఎన్నడూ వినలేదు. వినకపోతేనేం, పెద్దల్లుడు అడిగాడు. చదివినవాడు, మంచుగడ్డ అని పాఠం చెప్పినవాడు, అతనికే అనుమానం వచ్చిందంటే ఏదో ఉంటుంది. నేను మూతి తుడుచుకుని చెట్టు కిందికి వెళ్లి కూర్చున్నాను.

ఇంటికి చేరేసరికి అది అత్తమ్మ మాటగా మారిపోయింది. నా పేరు ఎక్కడా రాలేదు. తనకే తోచిందని ఆమె నిజంగా నమ్మింది. సుజాతను పొద్దు గూకకముందే లోపలికి పంపి తలుపు వేసింది. ఇంట్లో కడుపుతో ఉన్న పిల్లను పెట్టుకుని మొగుడు పోయి దాన్ని చూసుకుంటూ కూర్చుంటాడా అని మల్లేశ్‌నూ ఆపింది. మల్లేశ్ నవ్వాడు, బతిమాలాడు, ఆఖరికి నా వైపు తిరిగాడు. అన్ననే చెప్పిండు గద అది మంచుగడ్డ అని, చెప్పు అన్నా అన్నాడు. అందరూ నా వైపు చూశారు. పెద్దోళ్ల మాట ఒకసారి వింటే ఏం పోతది అన్నాను నేను.

అతను లోపలికి వెళ్లి ఆ చెక్కలు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"నువ్వైనా తియ్యి అన్న. ఇగ ఇది మళ్ల రాదు."

తీసుకున్నాను. ఆ చెక్కలు తీసుకున్నాను. నేను నవ్విన ఆ చెక్కలనే చంకలో పెట్టుకుని గుట్ట ఎక్కాను. కబ్జాను ఎటు తిప్పి పెట్టాలో, నట్టు ఎంత మెల్లగా తిప్పాలో నాకు తెలియకపోతే అతనికి ఫోన్ చేసి అడిగాను. ఓపికగా చెప్పాడు. ఫోన్‌లో వెనక నుంచి సుజాత గొంతు వినబడింది, జల్దీ తిప్పొద్దని చెప్పు బావకు అంటోంది. నట్టు నేనే తిప్పుకున్నాను. తోకచుక్క కెమెరాలో నిలబడింది. ఎంత సంతోషపడ్డానో చెబితే మీకు అసహ్యం వేస్తుంది. గుట్ట మీద ఒక్కణ్ణే నిలబడి గట్టిగా నవ్వాను.

మీరు చూసే ఫ్రేములో ఉన్నది ఆ బొమ్మే. దానికి ఒక్కటే తోక. నీలిది రాలేదు.

తర్వాత కొన్నాళ్లకే సుజాతకు కడుపు పోయింది. సంగారెడ్డి దవాఖానలో చూపించారు. మొదటి నెలల్లో ఇలా జరుగుతుంటుంది, ఈమె చేసిన పని వల్ల కాదు, మళ్లీ నిలుస్తుంది అని డాక్టరమ్మ నా ముందే చెప్పింది. నేనే బండి మాట్లాడి తీసుకెళ్లాను, పెద్దల్లుణ్ణి కదా. నా చెవులతో విన్నాను. ఇంటికి వచ్చేసరికి డాక్టరమ్మ మాట ఎవరికీ గుర్తులేదు. అత్తమ్మ తలుపు వేసింది రెండోసారికే కదా, మొదటిసారి చూసేసింది కదా అన్నారు. చూడడమే కాదు, కూర్చుని తన చేతులతో దాని వెంట తిప్పింది కదా అన్నారు. మల్లేశ్ వాళ్లమ్మ చుక్కలు తిప్పిన కోడలు అని పేరు పెట్టింది. నా పేరు పోయిందని ఏడ్చినవాణ్ణి నేను, సుజాతకు అలా ఒక పేరు వచ్చింది.

ఇక అసలు మాటకు వస్తాను. ఇక్కడి దాకా రాయడం తేలికే, ఇది కష్టం.

అత్తగారింట్లో, పొద్దున. నేను నారాయణఖేడ్‌కు బయలుదేరుతూ చెప్పులు వేసుకుంటున్నాను. సుజాత గడపలో కూర్చుని ఉంది. ముఖం పీక్కుపోయింది. లేచి నా దగ్గరకు వచ్చింది. చుట్టూ చూసి, ఎవరూ లేరని తేల్చుకుని అడిగింది.

"బావ, నీకు ఎరుక ఉంటది. అందరు ఏమేమో అంటున్నరు. నువ్వు చెప్పు. నా చేతులతోని నట్టు తిప్పిన గద, దాంతోనే పొయిందా?"

కాదు అంటే చాలు. అంత పెద్ద ఇంట్లో ఆమె నన్నే ఎంచుకుని అడిగింది. మిగతావాళ్ల మాటలన్నీ పక్కన పెట్టి నా ఒక్క మాట మీద నిలబడడానికి సిద్ధంగా ఉంది. కాదు అంటే ఆమె వెళ్లి తల్లితో అంటుంది, బావ కాదన్నడు అని. అప్పుడు అత్తమ్మకు చెంబు గుర్తొస్తుంది. మరి నువ్వే కదా బిడ్డ అడిగినవ్ అంటుంది. ఇదంతా నా బుర్రలో తిరగడానికి చెప్పు వేసుకునేంత సేపు కూడా పట్టలేదు. భయం ఒక్కటేనా? నిజం చెప్పుకోవాలి ఇప్పుడైనా. ఆ కాదు అన్న మాటతో మల్లేశ్ మళ్లీ గుట్ట ఎక్కుతాడు. మళ్లీ ఏదో తీస్తాడు. మళ్లీ చుక్కల అల్లుడు అవుతాడు. బిడ్డ పోయిన ఇంట్లో, ఆ పిల్ల ముఖం ముందు నిలబడి, నాకు అది కూడా తోచింది.

"ఏమో సుజాతా," అన్నాను.

సరే బావ అంది. చేతుల వైపు చూసుకుంది. లోపలికి వెళ్లిపోయింది. నేను బండి స్టార్ట్ చేశాను.

ఆ వారమే మల్లేశ్ కెమెరా తెచ్చి స్టూడియోలో పెట్టాడు. పెళ్లిళ్లలో ఎక్కడైనా వాడుకో అన్న, నాకు ఇగ పని లేదు అన్నాడు. ఆ చెక్కలు అతని దుకాణంలో కొన్నాళ్లు పురుగుమందు డబ్బాల కింద కనబడ్డాయి, తర్వాత కనబడలేదు. ఇప్పటికీ నవ్వుతాడు, కానీ ముందు అటూ ఇటూ చూసి నవ్వుతాడు. మామకు నేను మళ్లీ ఫోటోల అల్లుణ్ణయ్యాను. కార్జం ముందు నాకే వస్తుంది. మీరు అనుకుంటారు, ఇక అది గొంతు దిగదని. దిగుతుంది. నేను అంత మంచివాణ్ణి కాదు. విస్తట్లో పడ్డప్పుడు మాత్రం ఒకసారి మల్లేశ్ వైపు చూస్తాను, అతను చూశాడా లేదా అని.

సుజాతకు తర్వాత కూతురు పుట్టింది. ఆ తొమ్మిది నెలలూ పొద్దు గూకాక ఆమె వాకిట్లోకి రాలేదు. ఇంట్లోవాళ్లు వద్దనలేదు, ఆమే రాలేదు. పిల్ల పుడితే అంతా మర్చిపోతుందిలే అని నాకు నేను చెప్పుకున్నాను. ఎంతమందిమి ఇలా చెప్పుకుంటామో.

ఈ మధ్య ఆ పిల్లను బడిలో వేయడానికి ఫోటో కావాలని ఇద్దరూ స్టూడియోకు వచ్చారు. పిల్ల లోపలికి రాగానే ఎదురుగోడ దగ్గర ఆగింది. అచ్చం తండ్రిలా తల వెనక్కి వాల్చి చూసింది. పెద్దబాపు, గదేంది అని నన్ను అడిగింది. నేను నోరు తెరిచేలోపే సుజాత వచ్చి, వెనక నుంచి పిల్ల కళ్లు మూసింది. అటు సూడకు బిడ్డ అంది. మెల్లగానే అంది. ఆ చేతులతోనే పిల్లను నట్టు తిప్పినంత నిదానంగా ఇటు తిప్పింది. నాకు అలాగే అనిపించింది, ఇంకోలా అనిపించి ఉంటే ఈ రాత ఉండేది కాదు. తర్వాత సుజాత నన్ను చూసి కొంచెం సిగ్గుపడుతూ నవ్వింది. నువ్వు తీసిన ఫోటో అట్ల అన్నందుకు ఏమనుకోకు బావ అంది.

ఆమె నాకు క్షమాపణ చెప్పింది. ఆమె, నాకు.

వాళ్లు వెళ్లాక ఆ ఫ్రేము దింపుతానని అనుకున్నాను. దింపలేదు. దింపితే ఎందుకు దింపావని అందరూ అడుగుతారు. ఫోన్ తీసి మల్లేశ్ అప్పుడు పంపిన బొమ్మ చూశాను. అతను తన దగ్గరది తీసేశాడు, నా దగ్గర ఉంది. రెండు తోకలు, మూలన నా మచ్చ. వేళ్లతో పెద్దది చేసి చూశాను. ఇప్పటికీ నా దానికంటే అదే బాగుంది. ఇప్పటికీ నాకు కుళ్లుగానే ఉంది. ఇంత జరిగాక కూడానా అని మీరు అడిగితే, అవును, ఇంత జరిగాక కూడా.

సుజాత ఇది చదవదు. చదివినా పేర్లు మార్చాను కాబట్టి తనేనని అనుకోదు. ఎదురుగా వెళ్లి చెప్పే ధైర్యం నాకు వస్తుందా? రాదనే అనుకుంటున్నాను. వస్తుందని చెబితే అది నా మొదటి అబద్ధం అవుతుంది. కానీ ఆ రోజు గడప దగ్గర అనాల్సింది కూడా రెండక్షరాల మాటే. నోటితో అనలేకపోయిన దాన్ని కనీసం చేత్తో రాస్తాను, మీరు ఒక్కరైనా చూడండి.

కాదు సుజాతా. దాంతో పోలేదు. నీ చేతుల వల్ల కాదు. కాదు.